అల్లుడిచ్చిన చేప

జ్యేష్ఠమాసంలో అల్లుడి షష్ఠి, బెంగాలీ అత్తగార్లు అల్లుణ్ణి పిలిచి విందు పెట్టే పండగ. బేహాలాలోని లాహిరీ వారింట్లో ఆ పొద్దున హేమనళిని కాకి కూయకముందే లేచి, తలారా స్నానం చేసి, ఉపవాసంతోనే పొయ్యి దగ్గరికి చేరింది. ఆ రోజు అల్లుడు తిని లేచేదాకా అత్తగారు మెతుకు ముట్టకూడదు, వంట రుచి కూడా చూడకూడదు. పెళ్ళయ్యాక అల్లుడు అర్కప్రభ మొదటిసారి షష్ఠి భోజనానికి వస్తున్నాడు. ఆవపిండి పులస, పనసకాయ కూర, నేతి పులావు, మామిడిపండ్లు, మిష్టి దోయి అనే తియ్యపెరుగు, అన్నీ వరసగా ఆలోచించి పెట్టుకుంది. మొగుడు నిఖిలేశ్‌కి మాత్రం ఒక్క పని అప్పగించింది.

"పులావుకి ఆ పెద్ద గుండిగ నిండా నీళ్ళు పట్టి పెట్టండి. ఇంకేదీ ముట్టుకోకండి, మీకు పుణ్యముంటుంది."

నిఖిలేశ్ ముప్పై ఏళ్ళు పిల్లల చేత సముద్రాల పేర్లు బట్టీ పట్టించిన భూగోళం మాస్టారు. రిటైరయ్యాక ఒక సముద్రాన్ని తెచ్చి హాల్లోనే పెట్టుకున్నాడు. అయిదడుగుల అద్దాల తొట్టి, ఉప్పునీళ్ళు, అందులో బతికున్న పగడాలు. నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న జోకరు చేపల జంట ఒకటి ఉంది. ఆ మగచేపని 'ఇంటాయన' అనీ, ఆడచేపని 'ఇంటావిడ' అనీ పిలుచుకుంటాడు. నాలుగేళ్ళు కాపురం చేసి, పోయిన వారమే అవి మొదటిసారి గుడ్లు పెట్టాయి. ఇవాళో రేపో పిల్లలు.

గుండిగ తీసుకుని హాల్లోంచి వెళుతూ అటు చూశాడు. చూసి, గుండిగ కిందపడేశాడు.

"అయిపోయింది! సగం మింగేశాడు!"

"ఎవరండీ? పులసని పిల్లి గానీ ముట్టుకుందా?" హేమనళిని గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"పిల్లి కాదు. దారోగా! గుడ్లు సగం తినేశాడు!"

దారోగా అంటే అల్లుడిచ్చిన చేప. పెళ్ళయిన నెలకి అర్కప్రభ ఒక సంచిలో నీళ్ళు, నీళ్ళలో జానెడు చేప పట్టుకొచ్చి, "మీకు చేపలంటే ప్రాణం కదా బాబా" అని మామగారి చేతిలో పెట్టాడు. ఒంటినిండా పసుపు చారలు, ముందుకొచ్చిన పళ్ళు, రెండు కళ్ళూ రెండు వైపులకి తిప్పగల చూపు. వచ్చిన వారంలో రొయ్యలన్నిటినీ తినేసింది. నెలలో రాళ్ళు తిరగేసి పగడాలు పడగొట్టింది. అద్దం తుడవబోతే మాస్టారి వేలు కొరికింది. అందుకే పోలీసు దారోగా అని ఆ పేరు. అల్లుడిచ్చింది గనక ఎవరూ నోరెత్తలేదు.

"మధ్యాన్నంలోపు వాడు నా తొట్టిలో ఉండడానికి వీల్లేదు," అన్నాడు మాస్టారు.

"మతి పోయిందా మీకు? షష్ఠి పూట, అల్లుడు గుమ్మంలో అడుగుపెట్టే వేళకి, అతనిచ్చిన చేపని గెంటేస్తారా? నా చేప ఏదీ అంటే ఏం చెప్పను? నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"మిగిలిన గుడ్లు కూడా పోతే నేనేం చెప్పను?"

"ఎవరికి చెప్పాలి?"

"వాటి తల్లికి!"

హేమనళిని గరిటె వంక చూసింది, మొగుడి వంక చూసింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మాస్టారు వల వేశాడు. దారోగా వలకి చిక్కలేదు సరికదా, వలకే చిల్లు పెట్టింది. సీసాలో రొయ్యముక్క పెట్టి దింపితే, పాపం, ఇంటావిడ దూరి కూర్చుంది. ఆ గోలకి పై వాటా పాంచూ దాదా, అంటే పాంచూ అన్న, దిగివచ్చాడు. నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం టిక్కెట్టు కొని చెరువుల దగ్గర గాలం వేసే మనిషి. ఏ చేపనైనా చూస్తే ఆయన కళ్ళు మెరుస్తాయి.

"ఇంతేనా? మీరు పక్కకి తప్పుకోండి మాస్టారూ. ఇరవై సేర్ల బొచ్చెనే ఒడ్డుకు లాగినవాణ్ణి. ఈ బుడంకాయ ఎంత?"

గాలం తెచ్చాడు. దానితోపాటు ఒక ముద్ద కూడా తెచ్చాడు. వేయించిన మెంతులు, ఆవచెక్క, చీమగుడ్లు, పులిసిన కల్లు కలిపి పిసికిన ముద్ద. చెరువు దగ్గర గాలం వేసేముందు ఆ ముద్ద నీళ్ళలో వేసి చేపలని పిలవడం వాళ్ళ ఆచారం. చేయి అలవాటు పడిపోయింది. మాస్టారు "ఆగు!" అనేలోపే కొబ్బరికాయంత ముద్ద ఆ పగడాల మధ్య గుభీమని పడింది.

క్షణంలో తొట్టి మజ్జిగైపోయింది. పగడాలన్నీ ముడుచుకున్నాయి. నురగ తీసే యంత్రం బుడగలు కక్కడం మొదలుపెట్టింది. నురగ అద్దం దాటింది, బల్ల దాటింది, అల్లుడికని పెట్టిన ముగ్గుమీదికి పాకింది. మాస్టారు దోసిళ్ళతో నురగని వెనక్కి తోయబోయాడు.

"ఏంటి పాంచూ, ఏంటిది?"

"అదే నేనూ చూస్తున్నా," అన్నాడు పాంచూ దాదా నీరసంగా. "చెరువులో ఎప్పుడూ ఇలా పొంగలేదే!"

ఇక మిగిలింది ఒక్కటే దారి. పాతనీళ్ళు తోడెయ్యాలి, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్ళు నింపాలి. మాస్టారు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పట్టుకొచ్చాడు. బకెట్లు, కుక్కరు, బట్టలు తడిపే తొట్టి, చివరికి కిందపడ్డ గుండిగ కూడా. అన్నిట్లోనూ నీళ్ళు పట్టి, సముద్రపు ఉప్పు కొలిచి కలిపాడు. పాంచూ దాదా పశ్చాత్తాపంతో తోడుతున్నాడు. వంటింట్లోంచి కేక వచ్చింది.

"ఏమండీ, గుండిగ నిండిందా?"

"నిండింది, నిండింది!" అన్నాడు మాస్టారు, తల తిప్పకుండా.

తొట్టిలో నీళ్ళు జానెడు లోతుకి దిగేసరికి దారోగా ఒక రాతి కన్నంలో దూరి, వీపు మీది ముల్లు నిగడదన్ని బిగుసుకుంది. ఇక ఏనుగు లాగినా రాదు. "రాయితో సహా ఎత్తండి!" అన్నాడు పాంచూ దాదా. ఆ ఒక్క మాటకి ఆయన చేసిన పాపం సగం తీరింది. రాయినీ, రాతిలోని దారోగానీ ఎత్తి బకెట్టులో దింపారు. కొత్తనీళ్ళు తొట్టిలో పోశారు. గుండిగ ఏదని మాస్టారు వెతకబోయేంతలో గుమ్మంలో కూతురు తూలీ గొంతు వినిపించింది.

"అమ్మా! వచ్చేశాం!"

బకెట్టు బల్ల కిందికి పోయింది. దానిమీద అల్లుడికని కొన్న కొత్త ఎర్రంచు పంచె పడింది. పాంచూ దాదా మెట్లెక్కి మాయమయ్యాడు.

"ఇల్లంతా తడిగా ఉందేం బాబా?" అన్నాడు అర్కప్రభ, జారబోయి గోడ పట్టుకుని.

"శుభమని కడిగాం నాయనా," అంది హేమనళిని. చేతికి పసుపుదారం కట్టింది, తాటాకు విసనకర్రతో మూడుసార్లు విసిరింది, పీట వేసి కూర్చోబెట్టింది. అర్కప్రభ పులావు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి, ఎర్రబడ్డాయి, నీళ్ళు నిండాయి.

"కారమా నాయనా?"

"అబ్బే, బ్రహ్మాండంగా ఉందమ్మా."

మాస్టారు వంటింటి వైపు చూశాడు. గుండిగ పొయ్యిమీద ఉంది. తను సముద్రపు ఉప్పు కలిపిన గుండిగే. చెబుదామంటే భార్య పరువు, ఊరుకుందామంటే అల్లుడి ప్రాణం. "ఇంకాస్త వడ్డించనా?" అని ఆవిడ, "వెయ్యండి" అని అతను. మొదటి షష్ఠికి విస్తట్లో మెతుకు వదిలే అల్లుడు ఏ ఇంట్లోనూ ఉండడు. ముద్దకో గ్లాసు మంచినీళ్ళు తాగుతున్నాడు పిల్లాడు.

ఏడో గ్లాసు దగ్గర బల్ల కిందినుంచి ఒక గుర్రు వినిపించింది. పంది పిల్ల గుర్రుమన్నట్టు. మళ్ళీ ఇంకోటి.

అర్కప్రభ చేతిలో గ్లాసు జారిపోయింది. పీట మీదినుంచి గోడదాకా వెనక్కి జరిగాడు. "అది... అది ఇంకా బతికే ఉందా?"

హేమనళిని విసనకర్ర వదిలేసి ఏడుపందుకుంది. "నాయనా, తప్పయిపోయింది! నీ చేపని మేం పారెయ్యలేదు! పూటకోసం పక్కన పెట్టామంతే! ఆయన మీద ఒట్టు!"

"నామీద ఎందుకూ?" అన్నాడు మాస్టారు.

తూలీ పంచె ఎత్తి చూసి, నేలమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, ఏడవకు. వాళ్ళింట్లో తొట్టి మొత్తం ఆ చేపే ఊడ్చేసింది. పట్టుకోవడానికి మీ అల్లుడికి రెండు నెలలు పట్టింది. ఎవరికివ్వాలా అని తిండి మానేసి ఆలోచించాడు."

"తూలీ!" అన్నాడు అర్కప్రభ.

"ఏం, అబద్ధమా? మామగారైతే కాదనలేరు అన్నావా లేదా?"

మాస్టారు మెల్లగా వెళ్ళి తొట్టి ముందు కూర్చున్నాడు. నీళ్ళు తేరుకుంటున్నాయి. మూలనున్న పెంకు మీద గుడ్లు సగం మిగిలే ఉన్నాయి. ఇంటాయన వాటికి రెక్కలతో విసురుతున్నాడు, ఏమీ జరగనట్టు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. "ఉన్నాయి హేమా," అన్నాడు, "సగం ఉన్నాయి."

హేమనళిని కూడా కళ్ళు తుడుచుకుంది. లేచి నిలబడింది. మామిడిపండ్ల బుట్ట తెచ్చింది, మిఠాయిల కుండ తెచ్చింది, కొత్త పంచె పిండి మడిచింది. చివరికి ఆ బకెట్టుని రెండు చేతులా ఎత్తి తెచ్చి, దాని కాడకి పసుపుదారం కట్టి, అల్లుడి ముందు పెట్టింది.

"షష్ఠి పూట అత్తగారు చేతులారా ఇచ్చింది అల్లుడు కాదనకూడదు. అవునా నాయనా?"

అర్కప్రభ బకెట్టు వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు. తప్పనిసరై వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, బకెట్టు అందుకున్నాడు. లోపల దారోగా మళ్ళీ గుర్రుమంది.

వచ్చే నెల అర్కప్రభ పై అధికారి ఇంట్లో గృహప్రవేశం. ఏం బహుమతి ఇవ్వాలా అని అతనేమీ బెంగపడడం లేదట.