థార్న్‌బీ పచ్చిక చుట్టూ కందకం

థార్న్‌బీ అనే ఇంగ్లీషు పల్లెలో, బుధవారం ఉదయం క్లెమెంట్ రడ్జ్ పెట్టుకున్న పని ఒక్కటే. కొట్టుకి వెళ్ళి వార్నిష్ డబ్బా తెచ్చుకుని కారుకి ఆఖరి పూత వేయడం. శనివారానికి అతనికి అరవై నిండుతాయి. ఆరేళ్ళుగా షెడ్డులో విప్పి బిగిస్తున్న ఆ కారుని, కార్ల సంగతి తెలిసినవాడు ఒక్కడైనా చూసి బాగుందనాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ రకం కార్లున్నవాళ్ళ క్లబ్బుకి ఎన్నిసార్లు రాసినా ఉలుకూ పలుకూ లేదు. భార్య ఎనిడ్ చూస్తే, కాలు నొప్పితో ఉన్న చెల్లెలికి సాయమంటూ రగ్బీ అనే ఊరు వెళ్ళి కూర్చుంది. ఇంట్లో అతని మీద అరిచేవాళ్ళు లేరు, అతను అరవడానికీ ఎవరూ లేరు. రెండోదే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది.

కొట్టూ పోస్టాఫీసూ ఒక్క చేత్తో నడిపే మిసెస్ పార్జిటర్ డబ్బా అందిస్తూ, "మీ చెక్క కారుకేనా?" అంది. అంతే, అగ్గి రాజుకుంది.

"చెక్క కారేమిటండీ, చెక్క కారు! మారిస్ మైనర్ అనండి! యుద్ధం అయ్యాక, నలభై ఎనిమిదిలో, మనలాంటి సంసారుల కోసం పుట్టిన కారది. అందులో రెండు తలుపులది ఉంది, నాలుగు తలుపులది ఉంది, గుడ్డ టాపుది ఉంది, వ్యాను ఉంది, వెనక తొట్టి ఉన్నది ఉంది. వాటన్నిటికీ ఒళ్ళంతా ఇనుమే. వెనక భాగమంతా చెక్క చట్రం మీద నిలబడేది మాత్రం ట్రావెలర్! ఆ చెక్క సోకు కోసం కాదు, అది కుళ్ళితే కారే కూలబడుతుంది. ఏమిటీ? ట్రావెలర్!"

"సరే లెండి, ట్రావెలర్," అంది ఆవిడ. "అన్నట్టు ఆ మాటంటే గుర్తొచ్చింది. ఇందాక ఎవరో ఒకతను ఫోన్ చేశాడు. లైనంతా గరగరలే. 'అడిగినావిడకి చెప్పండి, శనివారం పొద్దున్న నలభై మంది ట్రావెలర్లు మీ ఊరి పచ్చిక మీదికి వస్తున్నారు' అన్నాడు. ఎవరావిడ అనేలోపు తెగిపోయింది."

బళ్ళ మీద ఊరూరా తిరుగుతూ, ఖాళీ జాగా దొరికినచోట మకాం వేసే సంచార జనాన్ని కూడా అక్కడ అదే మాటతో పిలుస్తారు. నిమిషం క్రితం ఆ మాటని కారు పేరుగా గొంతు చించుకుని చెప్పిన మనిషికి, ఇప్పుడు అది కారు పేరని తట్టలేదు. కోపం వస్తే క్లెమెంట్‌కి తన పేరే తట్టదు.

"ఇంకేమన్నాడు?"

"అందరికన్నా పెద్దావిడ యాభైమూడులో పుట్టిందట. ఒకటే పొగ వదుల్తుందట. కొందరు రాత్రికి ఇక్కడే ఉంటారట. ఒకరిద్దరికి కింద నుంచి కారుతూ ఉంటుంది, గడ్డి పాడైతే ఏమీ అనుకోవద్దన్నాడు."

మన భాషలో అయితే ఒక్క 'అవి'తో తగువు తీరిపోయేది. ఇంగ్లీషులో మనుషులు నలభై మందికీ, కార్లు నలభైకీ ఒకటే మాట. పైగా కారుని 'ఆవిడ' అని ముద్దు చేయడం అక్కడి మగవాళ్ళకి అలవాటు.

"కారుతూ కారుతూ మా పచ్చిక మీదికా!" అని క్లెమెంట్ వార్నిష్ డబ్బా అక్కడే వదిలేసి బయటపడ్డాడు.

మధ్యాహ్నానికల్లా పబ్బులో ఊరంతా పోగైంది. క్లెమెంట్ బల్ల గుద్ది గ్లాసులు ఒలకబోశాడు. "పిలిచిన మహాతల్లి ఎవరో నాకు తెలియాలి! ఊళ్ళో ఉంటూ ఊరికి ద్రోహమా? పెళ్ళాం ఏం చేస్తోందో తెలియని ఆ మొగుడు దద్దమ్మ ఎవడో గానీ, వాణ్ణి ముందు అనాలి!"

అందరూ అవునంటే అవునన్నారు. నిజం చెప్పాలంటే, కిందటి వేసవిలో ఆ పచ్చిక మీద ఒక సంచార కుటుంబం రెండు రోజులు ఆగింది. వెళ్ళేముందు ఊడ్చి మరీ వెళ్ళింది. ఊరి కుక్కలు చేసే ఖరాబులో పావు వంతు కూడా వాళ్ళు చేయలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒంటి మీదికి కోపం తెచ్చుకుని కూర్చున్న జనానికి ఇలాంటివి గుర్తుండవు, గుర్తున్నా చెప్పరు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

శుక్రవారం రైతు విల్ఫ్ తన తవ్వే యంత్రం తెచ్చి పచ్చిక చుట్టూ కందకం మొదలెట్టాడు. సగంలో ఆపి, "క్లెమెంటూ, నీ షెడ్డు పచ్చిక లోపలి వైపుంది. చుట్టూ తవ్వేస్తే నీ కారు బయటికి రాదు," అన్నాడు.

"నా కారు ఎక్కడికీ పోవక్కర్లేదు. తవ్వు!"

యంత్రం దేనికో తగిలి ఠంగుమంది. "నీళ్ళ పైపేమో," అన్నాడు విల్ఫ్.

"రాయి! తవ్వవయ్యా!"

పొద్దుగుంకే వేళకి కందకంలో నీళ్ళు ఊరాయి. క్లెమెంట్ దాన్ని చూసి మురిసిపోయాడు. కోట అన్నాక నీళ్ళు ఉండద్దూ!

శనివారం పొద్దున్నే అతను రోడ్డు వైపు మట్టి కుప్పెక్కి పార పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఊరంతా నిలబడింది. గుట్ట అవతల నుంచి చప్పుడు మొదలైంది. వాలు దిగుతూ ఇంజను పుర్రుమనే ఆ చప్పుడు అతనికి నిద్రలో కూడా తెలుసు. అతని చేతిలో పార వదులైంది.

మొదట వచ్చింది యాభైమూడుది, ముందు అద్దం రెండు ముక్కలది, పొగ కక్కుతూ. దాని వెనక ఒకే అద్దం ఉన్నవి. మలుపులో వాటి పక్కల నుంచి సిగ్నలు పుల్లలు చేతుల్లా బయటికి లేచాయి. ఆ వెనక పుల్లలు పోయి లైట్లు వచ్చిన రోజులవి, చిట్టచివర డెబ్బై ఒకటిది. చెక్క నడుములన్నీ ఎండలో మెరుస్తున్నాయి. క్లెమెంట్ నోరు తెరుచుకుని ఒక్కోదాని సంవత్సరం పైకి చెప్పుకుంటున్నాడు. మొదటి కారు కందకం అంచున ఆగింది. ఒళ్ళో కేకుతో ఎనిడ్ దిగింది.

"ఈ గొయ్యి ఎవడు తవ్వాడు?"

ఊరంతా క్లెమెంట్ వైపు చూసింది.

"నాలుగు నెలలు బతిమాలాను క్లెమ్, ఆ క్లబ్బుని! ఒక్క కారు కోసం రాలేమంటే, అందరూ కలిసి రండి, మా పచ్చిక మీద టీ ఇస్తానన్నాను. చెల్లెలి ఓవెన్‌లో మూడు రోజులు కేకులు కాల్చాను. నీ పుట్టినరోజని! నీ కారుని ఎవరూ చూడలేదని ఏడుస్తావని!"

"ఇదంతా పార్జిటర్ చేసిన..."

"నా పేరెత్తితే ఊరుకోను!" అంది మిసెస్ పార్జిటర్. "కారంటే ఏమిటో నాకు పాఠం చెప్పింది మీరే!"

"ఆ దద్దమ్మ మొగుడెవడో తేలిపోయింది," అన్నాడు విల్ఫ్.

క్లెమెంట్ మళ్ళీ అరవబోయాడు. అంతలో ఎనిడ్ అతని వెనక్కి వేలు చూపించింది. "క్లెమ్, షెడ్డు!"

కందకం పొర్లి, తలుపు కిందుగా షెడ్డులోకి నీళ్ళు పోతున్నాయి. చక్రాలు దాటితే చెక్కే. ఆరేళ్ళ చెక్క. క్లెమెంట్ ఒక్క గెంతు గెంతి నడుం లోతు కందకంలో పడ్డాడు. పైకి పాకితే మట్టి ఊడి మళ్ళీ కిందికే జారాడు.

కార్ల వరస వెనక ఇరుక్కున్న లారీ ఒకటి ఆగకుండా హారన్ కొడుతోంది. దాని యజమాని నోవా లవ్‌రిడ్జ్ దిగి ముందుకొచ్చాడు. కిందటి వేసవిలో పచ్చిక ఊడ్చి వెళ్ళింది అతని కుటుంబమే. "దారికడ్డంగా ఎవరమ్మా వీళ్ళు?"

"ట్రావెలర్లు," అంది మిసెస్ పార్జిటర్.

నోవా నలభై కార్లనీ ఎగాదిగా చూశాడు. "మావాళ్ళా? నాకు చెప్పకుండానా?" తర్వాత కందకంలోకి తొంగి చూశాడు. "ఇదెందుకు తవ్వారు పెద్దాయనా?"

ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే పక్కవాళ్ళ వెనక్కి తప్పుకున్నారు. పిరికి సన్నాసులు. బురదలో ఉన్నవాడే చెప్పాల్సి వచ్చింది. "మీరు రాకుండా."

"మరి షెడ్డు మునుగుతున్నట్టుంది. నా లారీకి గొలుసుంది. రమ్మంటావా, పొమ్మంటావా?"

"రండి," అన్నాడు క్లెమెంట్. అతని గొంతులో కోపం లేకుండా ఆ ఊరు విన్న మొదటి మాట అదే.

నోవా రెండు ఇనప పలకలు పరిచి లారీని పచ్చిక మీదికి దాటించాడు. వెనక చక్రం దాటుతుండగా పలకలు వంగి నీళ్ళలోకి జారిపోయాయి. గొలుసు బిగించి, కారుని షెడ్డులోంచి లాగి, లారీ వెనక ఎక్కించేశాడు. నీళ్ళు చెక్క దాకా రాలేదు. క్లబ్బు కార్యదర్శి నిచ్చెన అడ్డంగా వేసుకుని దాటొచ్చి, లారీ ఎక్కి, చట్రాన్ని వేలి కణుపుతో కొట్టి విన్నాడు. "ఇంత శ్రద్ధగా కట్టినది నేను చూడలేదు. చాలా బాగుంది," అన్నాడు. క్లెమెంట్ బురద చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఎనిడ్ ఇంకా కోపంగానే ఉంది, కానీ కేకులో మొదటి ముక్క నోవాకీ రెండోది క్లెమెంట్‌కీ కోసింది.

రాత్రికి ఉంటామన్నవాళ్ళతో సహా, సాయంత్రం నలభై కార్లూ వెళ్ళిపోయాయి. లారీ వెళ్ళడానికి దారి లేదు, షెడ్డంతా నీళ్ళు కాబట్టి కారు అందులోనే ఉండిపోయింది, నోవా కూడా అందులోనే మకాం వేశాడు. విల్ఫ్ యంత్రం పీకల్దాకా బురదలో దిగబడి ఉంది, అది బయటపడితే గానీ కందకం పూడదు. ఆ వారమంతా క్లెమెంట్ తన కారుని చూసుకోవాలనుకున్నప్పుడల్లా, లారీ తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగి మరీ వెళ్ళాడు.