మూడో ఫ్లాస్కు

"ఈ కార్యాలయంలో రాజకీయాలు ఈ నెల ఇరవయ్యో తేదీ, శుక్రవారం, సాయంత్రం అయిదు గంటలతో సమాప్తం" అని పెద్దసారు సర్క్యులర్ ఇచ్చారు. అందరూ చదివి సంతకాలు పెట్టాలన్నారు. ఎవరి సంతకం పైన ఉండాలన్న దానిమీద ఆ పూటంతా రభస జరిగింది.

పెద్దసారిది నిశితమైన చూపు. కిటికీవైపు వాళ్ళకో ఫ్లాస్కు, గోడవైపు వాళ్ళకో ఫ్లాస్కు ఉన్నాయనీ, ఒకరి టీ ఒకరు ముట్టరనీ వచ్చిన వారంలోనే కనిపెట్టారు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక పదకొండింటికి కిటికీవాళ్ళ టీ తాగుతూ గోడవాళ్ళ సంగతులూ, నాలుగింటికి గోడవాళ్ళ టీ తాగుతూ కిటికీవాళ్ళ సంగతులూ ఓపిగ్గా వినేవారు. విన్నదంతా మర్నాడు అవతలివాళ్ళకి అప్పజెప్పేవారు. దాపరికం లేని పరిపాలన అంటే అదే.

ఇన్వర్డు క్లర్కు గుమ్మం పక్కన కూర్చుంటుంది. లోపలికొచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర కొట్టి నంబరు వేయడం ఆమె పని. సోమవారం ఆమె చెల్లెలికి ఆపరేషన్. పదిహేను రోజులు సెలవు కావాలి.

"వస్తున్నావా లేదా అక్కా? ఆపరేషనైతే తట్టుకుంటాను గానీ, పదిహేను రోజులు మా ఆయన వంట నావల్ల కాదు" అంది చెల్లెలు ఫోన్లో.

సెలవుచీటీ పట్టుకుని ఆమె పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"పద్ధతి పద్ధతేనమ్మా. ఇన్వర్డులో ఇవ్వండి."

"ఇన్వర్డు నేనే సార్."

"అయితే మీకు మీరే ఇచ్చుకోండి."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి, తన కాగితం తానే అందుకుని, ముద్ర కొట్టి, నంబరు వేసి, రసీదు తనకే ఇచ్చుకుంది.

ఈలోగా రాజకీయ నిర్మూలన కమిటీ వెలిసింది. కిటికీవాళ్ళు ఇద్దరు, గోడవాళ్ళు ఇద్దరు. కమిటీ సిఫార్సు లేనిదే సెలవు లేదు.

"ఇంతకీ మీరు మావైపా, వాళ్ళవైపా?" అన్నాడు కిటికీవైపు అకౌంటెంటు.

"నేను గుమ్మంవైపు బాబూ."

"గుమ్మంవైపట! విన్నారా?" అంది గోడవైపు టైపిస్టు, ఆరునెలల్లో మొదటిసారి అకౌంటెంటు మొహం చూస్తూ.

ఆమె బల్ల సొరుగు వెతికారు. ఫ్లాస్కు దొరికింది. పెద్దసారే స్వయంగా విచారణ జరిపారు.

"ఇందులో ఏముంది?"

"వేడినీళ్ళు సార్. టీ పడదు నాకు."

"ఎవరెవరు తాగుతారు?"

"నేనొక్కదాన్నే."

"అంటే, పేర్లు చెప్పరన్నమాట!"

మూడో గ్రూపు ఒకటి ఉందనీ, ఒక్క సభ్యుడు కూడా బయటపడనంత కట్టుబాటు దానిదనీ కమిటీ తేల్చింది. సెలవు పెండింగులో పడింది.

మర్నాడు పొద్దున్నే అకౌంటెంటు గ్లాసుతో వచ్చాడు. "వేడినీళ్ళు అరుగుదలకి మంచివటగా మేడమ్?" అతనటు వెళ్ళగానే టైపిస్టు వచ్చింది. "నేను మొదట్నించీ మీ మనిషినే అక్కా. ఆ గోడ దగ్గర ఊరికే కూర్చున్నానంతే!"

ఇద్దరికీ తలా గుక్కెడు పోసిందామె. ఏం చేస్తుంది, దాహమన్నవాళ్ళని పొమ్మంటామా?

శుక్రవారం నాలుగింటికి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దసారు మీద రెండు గ్రూపులూ విడివిడిగా ఫిర్యాదు చేశాయట, సంజాయిషీ ఇమ్మన్నారు. ఆమె ముద్ర కొట్టి, నంబరు వేసి, ఆయన బల్లమీద పెట్టింది.

అయిదుకి పది నిమిషాలుండగా పెద్దసారు కప్పు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు.

"మీవాళ్ళు మాత్రం ఫిర్యాదు చెయ్యలేదేమమ్మా?"

"లేదు సార్."

"పెద్ద మనసు. ఎంతమంది ఉంటారు మొత్తం?"

ఆమె సెలవుచీటీ ముందుకు జరిపింది. ఆయన నిలబడే సంతకం చేశారు. గొంతు తగ్గించి, "మరి మీ గ్రూపులో నాకు..." అన్నారు.

"అర్జీ ఇన్వర్డులో ఇవ్వండి సార్."

"సోమవారం నుంచి మీరుండరుగా?"

"మీకు మీరే ఇచ్చుకోండి" అని సంచీ తీసుకుని బస్సుకోసం పరుగెత్తింది. ఆ కంగారులో ఫ్లాస్కు బల్లమీదే మరిచిపోయింది.

పదిహేను రోజుల తర్వాత వచ్చి చూస్తే ట్రేలో ఇరవై మూడు అర్జీలున్నాయి. అన్నిటికీ నంబర్లు పెద్దసారు చేతిరాతే. ఒకటో నంబరు ఆయనదే. పక్కనే ఫ్లాస్కు, ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. అందులో చుక్క నీళ్ళు లేవన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. మూత తీసే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.