బకెట్‌లో నానిన బ్యాంకు బ్యాలెన్స్

ప్రతి ఇంట్లో ఒక్కరైనా వర్కింగ్ హాలిడే వీసాకు దరఖాస్తు చేసి తీరాలని చట్టం తేవాలి!

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను.

తెలియనివారికి రెండు ముక్కలు. ముప్పై ఒకటో పుట్టినరోజు రాని వాళ్లు ఈ వీసా మీద ఏడాది పాటు పరాయి దేశంలో తిరగొచ్చు. ఖర్చుల కోసం అక్కడే కప్పులు కడిగో, తోటల్లో పళ్లు కోసో సంపాదించుకోవచ్చు. అయితే బయల్దేరే ముందే, సంపాదించుకోవాల్సిన అవసరం లేనంత డబ్బు తమ దగ్గర ఉందని నిరూపించుకోవాలి. ఎంత ముందుచూపు!

మా అక్క కూతురు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఆ పుట్టినరోజుకు ఇంకో ఆరు నెలలుందనగా ఈ వీసా సంగతి ఆమె చెవిన పడింది.

"బుద్ధెరిగాక ఒక్క వారం కూడా ఊరికే కూర్చోలేదు మామయ్యా. ఒక్క ఏడాది అలా తిరిగొస్తా," అంది.

వెంటనే బడ్జెట్ వేశాం. ఫొటోలు, పోలీస్ సర్టిఫికెట్, వేలిముద్రలు, ఇన్సూరెన్స్, ఛాతీ ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రేలో పిల్ల ఊపిరితిత్తులు ఎంత ముచ్చటగా ఉన్నాయో చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. వీసా పుణ్యం కాకపోతే ఆ భాగ్యం మాకు దక్కేదా?

ఇక అసలు మెలిక. చూపించాల్సిన డబ్బు మూడు నెలలు బ్యాంకులో కదలకుండా పడి ఉండాలి. పిల్ల దాచుకున్నది చాల్లేదు. సరిగ్గా అప్పుడే మా వాషింగ్ మెషిన్ కన్నుమూసింది. కొత్తది కొనడానికి దాచిన డబ్బు ఆమె ఖాతాలో జమ చేశాను.

"మీ మేనకోడలి బ్యాలెన్స్ ఇక్కడ బకెట్‌లో నానుతోంది. వచ్చి పిండండి!" అని మా ఆవిడ రోజూ పొద్దున్నే కేకేసేది.

దుప్పట్లు పిండీ పిండీ నా భుజాలు గట్టిపడ్డాయి. మా డాక్టర్ పదేళ్లుగా చెప్పి చేయించలేని వ్యాయామాన్ని ఒక పరాయి దేశం కూర్చున్నచోటి నుంచే చేయించింది!

పిల్ల సాయంత్రాలూ, శని ఆదివారాలూ కెఫేలో పనికి కుదిరింది. అక్కడ ఆమెతో పాటు టేబుళ్లు తుడిచే అమ్మాయి ఎవరనుకున్నారు? మా పిల్ల వెళ్లాలనుకుంటున్న ఆ దేశం అమ్మాయే! ఇలాంటి వీసా మీదే ఇక్కడికి వచ్చింది.

"నువ్వు బడ్జెట్ ఎలా వేసుకున్నావ్?" అని మా పిల్ల ఆశగా అడిగింది.

"బడ్జెట్టా? బస్సులో కూర్చుని ఫోన్‌లో ఫారం నింపా. దిగేలోపు వీసా వచ్చేసింది."

పాపం! ఎక్స్‌రే కూడా తీయించుకోలేదు. ఆ అమ్మాయి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో ఏమిటో!

పుట్టినరోజు పది రోజుల్లోకి వచ్చింది. ఆ పొద్దున వీసా ఫీజు పెరిగింది. తేడా సొమ్ము ఖాతాలోంచి తీస్తే బ్యాలెన్స్ తగ్గుతుంది. తీయకపోతే ఫీజు కట్టలేం. ఇప్పుడెలా?

దారి ఆ కెఫే అమ్మాయే చూపించింది. "వారం రోజులు సముద్రం చూడ్డానికి వెళ్తున్నా. నా షిఫ్టులు కూడా నువ్వే చేస్తావా?"

చేసింది. ఇద్దరి పని ఒక్కతే చేసింది. ఆ కూలితో, పుట్టినరోజుకు ముందు రోజు సాయంత్రం, దరఖాస్తు వెళ్లిపోయింది. మర్నాడు మా ఆవిడ నన్ను బకెట్ దగ్గరకు పిలవలేదు. తనే పిండుకుంది.

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. "మీ ఆదాయ వివరాలను బట్టి మీరు వారానికి ఏడు రోజులూ పని చేస్తున్నట్టు తెలుస్తోంది. సెలవు గడపడమే మీ ప్రధాన ఉద్దేశమన్న నమ్మకం మాకు కలగలేదు. ఫీజు వాపసు ఉండదు."

ఆ ఆఫీసర్‌ని తప్పుపట్టగలమా? ఆ వివరాలు చూసి, ఈ మనిషికి సెలవంటే ఏమిటో తెలుసని ఎవరైనా నమ్ముతారా?

మా డబ్బు మాకు తిరిగొచ్చింది. మా ఆవిడ ఇప్పటిదాకా వాషింగ్ మెషిన్ షోరూమ్ మాటే ఎత్తలేదు.

ఆ కెఫే అమ్మాయి మాత్రం ఎండకు కందిన ముక్కుతో సముద్రం నుంచి ఎప్పుడో వచ్చేసింది. జవాబు వచ్చిన సాయంత్రం, మా పిల్ల మొహం చూసి జాలిపడింది.

"బాగా అలిసిపోయావ్. నువ్వూ ఎక్కడికైనా వెళ్లి రారాదూ? సెలవు అడగొచ్చుగా!"

"అడిగా," అంది మా పిల్ల, తుడిచే గుడ్డ ఆమె చేతికిస్తూ. "మీ దేశాన్నే అడిగా. ఇవ్వలేదు."