ఏడో గదికి పిలుపు

కిర్గిజ్‌స్థాన్‌లో ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ పాలిక్లినిక్‌లో, కంప్యూటర్లు చూసుకునే కుబాత్ ఆ మంగళవారం పెట్టుకున్న పని చిన్నదే. పాత సర్వర్‌లో డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి, పదింటికల్లా టీ తాగాలి.

కొత్త వెర్షన్ తనకు కొత్త లైబ్రరీ ఫైళ్ళు కావాలంది. అవి రావాలంటే పాతవి పోవాలి. పాతవి పోతే, వాటి మీదే నడుస్తూ రోగుల పేర్లు పిలిచే మైకు ప్రోగ్రాం పోతుంది. 'ఒక ప్యాకేజీ తొలగించాలా?' అని తెర అడిగితే, ఒక్కటే కదా అని సరే అన్నాడు. నడవాలో మైకు మూగబోయింది.

"ఇక పేర్లు నేనే అరవాలా? నాకసలే గొంతునొప్పి," అంది రిసెప్షన్‌లో ఉండే చోల్పోన్.

"అరగంట ఓపిక పట్టక్కా."

బీరువాలో దొరికిన పాత డిస్కు నుంచి మైకు ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాడు. అది తన వెంట పాత లైబ్రరీని, దానికి సరిపడే ఇరవై ఏళ్ళనాటి డేటాబేస్‌ను కూడా తెచ్చుకుంది. కొత్తది చప్పుడు లేకుండా తప్పుకుంది. కుబాత్ అది గమనించకుండా టీకి లేచాడు.

మైకు గరగరలాడింది. "తొకోన్ అసానొవ్. ఏడో గది."

నడవాలో ముప్పైమందీ మైకు వైపు తిరిగారు. అది పాత రిసెప్షనిస్టు రోజా గొంతు. ఆమె పోయి ఆరేళ్ళయింది.

"తొకోన్‌ని పాతిపెట్టింది మేమే," అన్నాడు ఒక ముసలాయన కల్పక్ టోపీ సర్దుకుంటూ. "పన్నెండేళ్ళ కింద."

ఏడో గది డాక్టరు ఆ వారం సెలవు. అయినా ఆ తలుపు, గాలికో ఏమో, కొద్దిగా తెరుచుకుంది.

"పోయినవాళ్ళొస్తే నూనె వాసన చూపించాలి," అంటూ చోల్పోన్ బోర్సోక్ పిండిముద్దలు వేయించడానికి వంటగదికి పరిగెత్తింది. కంగారులో నూనె కరెంటు పొయ్యి మీదికి పొంగి, పొగ కమ్మి, ఫ్యూజు పోయింది. కిటికీల్లేని నడవా చీకటైపోయింది. సర్వరూ మైకూ మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి.

"జానిబెక్ ఓరోజొవ్. ఏడో గది."

బుర్మకాన్ అనే ముసలావిడ మెల్లగా లేచింది. "మా ఆయన. చివరిసారి ఇక్కడికొచ్చిన రోజు సాయంత్రం దాకా కూర్చుని, పిలవలేదని ఇంటికొచ్చేశాడు. ఆ వారమే పోయాడు." చేతికర్రతో తడుముకుంటూ నడిచింది. "ఇప్పటికి పిలిచారు. ఏంటో కనుక్కొస్తా."

ఎవరూ ఆపలేదు. పొగ చూసి వచ్చిన కుబాత్ ఆ మాటలు విన్నాడు. సర్వర్ దగ్గరికి పరిగెత్తాడు. పాత లైబ్రరీని మైకు ప్రోగ్రాంకు మాత్రమే కనబడేలా విడిగా పెట్టి, కొత్త డేటాబేస్‌ను తిరిగి ఎక్కించి కొత్త లైబ్రరీని దానికిచ్చాడు. రెండూ సర్దుకున్నాయి. రోజా గొంతు ఒక పేరు మధ్యలో ఆగిపోయింది.

ఏడో గదిలో బుర్మకాన్ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఉంది.

"ఆపేశావా నాయనా?"

"ఆపేశానవ్వా. తప్పయిపోయింది."

"పర్లేదులే. పేరు పిలిచారుగా."

అంతలో పెద్ద డాక్టరు దమీరా వచ్చింది. "కుబాత్, ఆ పేర్లు ఎక్కడివి?"

"పాత డేటాబేస్‌లోవండీ. గొంతు రోజాగారు అప్పట్లో రికార్డు చేసింది. ఇక వినబడవు."

"అప్పటి టీకాల రికార్డులు పోయాయని నాలుగేళ్ళుగా పై ఆఫీసుకి సంజాయిషీలు రాస్తున్నాను. అవి కూడా అందులోనే ఉన్నాయా?"

"ఉన్నాయి. కానీ పాత వెర్షన్ తప్ప ఇంకేదీ వాటిని తెరవలేదు."

"అయితే పొద్దున చేసినట్టే మళ్ళీ పాడుచెయ్యి."

"పొద్దున నేను పాడుచెయ్యలేదండీ. బాగుచేశాను."

"సరే, అదే చెయ్యి."

కుబాత్ కుర్చీ లాక్కుని, సర్వర్‌ను ఇంకొంచెం బాగుచెయ్యడం మొదలుపెట్టాడు.