ఉష్ణం సారు ఏసీ గొట్టం

ఎండాకాలం వస్తే వనపర్తిలో అందరికీ ఎండంటే భయం. నాగేశ్‌కు మాత్రం పుట్టిల్లంటే భయం. తన పుట్టిల్లు కాదు, భార్య స్వరూప పుట్టిల్లు.

అది అమ్రాబాద్‌లో ఉంది. గుట్ట మీద, అడవి పక్కన. అక్కడ మే నెలలో కూడా దుప్పటి కప్పుకుంటామని స్వరూప చెబుతుంది. బడులకు సెలవులివ్వగానే నెల రోజులు అమ్మ దగ్గరికి పోతానంటుంది. అప్పుడు నాగేశ్ ముందు రెండే దారులు మిగులుతాయి.

ఒకటి, ఇంట్లో ఒక్కడే ఉండి తన వంట తానే తినడం. అతని వంట తిన్న మనిషి భూమ్మీద అతనొక్కడే. రెండోసారి తినడానికి అతను కూడా ఒప్పుకోలేదు.

రెండోది, ఆమెతోపాటు వెళ్లి మామగారు కురుమయ్య చేతికి చిక్కడం. కురుమయ్యకు మాట్లాడటమంటే ప్రాణం, వినేవాళ్లేమో ఊళ్లో మిగల్లేదు. తెల్లారకముందే అల్లుణ్ణి లేపి, ఎప్పుడో తాను బోరు వేయించిన కథ మొదలుపెడితే, ఆ కథలో నీళ్లు పడేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుంది.

కాబట్టి స్వరూప పుట్టింటికి వెళ్లకూడదు. ఆ ఏడాది సెలవుల్లో నాగేశ్ పెట్టుకున్న లక్ష్యం అదొక్కటే.

అతను బిజినేపల్లి దగ్గర ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు. ఉష్ణం పాఠం చెప్పేటప్పుడు పుస్తకం కంటే ఎక్కువగా ఫ్యాన్ వైపు చూస్తాడని పిల్లలు ‘ఉష్ణం సారు’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎలాగో ఇంటిదాకా వచ్చింది. స్వరూపకు కోపం వచ్చినప్పుడు అదే వాడుతుంది.

“గీ ఎండలకు నావల్ల గాదు. రేపో మాపో బ్యాగు సర్దుకుంట,” అంది ఒకరోజు, కొంగుతో విసురుకుంటూ.

“ఏసీ తెస్తే ఉంటవా?”

“ఏసీనా? గీ ఇంట్లనా? క్యాలెండర్‌కు మేకు కొడితేనే సుభద్రమ్మ పెద్దమ్మ వారం దినాలు మాట్లాడలే. ఏసీకి గోడల బొక్క కొడ్తమంటే, ఆ బొక్కల నుంచే మనల్ని బయటికి తోలుతది.”

సుభద్రమ్మ ఇంటి ఓనరు. పక్క పోర్షన్లోనే ఉంటుంది. ఎవరింటికి ఎవరొచ్చారో, ఏ సంచిలో ఏం తెచ్చారో ఆమె కంట పడకుండా ఏదీ జరగదు కాబట్టి వీధిలో అందరూ ‘సీసీ కెమెరా సుభద్రమ్మ’ అంటారు. ఆమె ముందు కాదులెండి.

నాగేశ్ బస్సెక్కి కొత్తకోటలో ఇర్ఫాన్ షాపుకు వెళ్లాడు. ఇర్ఫాన్ ఒక తెల్లటి పెట్టెను చూపించాడు.

“సార్, దీనికి గోడ పగలగొట్టే పరేషాన్ లేదు. కింద చక్రాలున్నయి, ఏ రూముకైనా తోసుకపోవచ్చు. ఎనకాల గొట్టం ఉంటది, దాని మూతి మాత్రం బయటికి పెట్టాలె. గంతే.”

నాగేశ్ చెవులు చక్రాల దగ్గరే ఆగిపోయాయి. గొట్టం సంగతి లోపలికి వెళ్లనే లేదు.

ఆటోలోంచి పెట్టె దిగింది. స్వరూప దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఏందిది? ఏటీఎం మిషన్ లెక్కుంది. గీ ఏనుగు తొండమేంది దీనికి?”

“గొట్టం. ఎక్స్‌ట్రా ఇచ్చిండు.”

“బయటికి పెట్టేదేమో?”

“కూలర్‌కు గొట్టముండెనా? లేదు. సల్లగ రాలేదా? వచ్చింది. సైన్సు నీకు తెల్వదు, నువ్వు కూసో.”

పెట్టెతోపాటు కిటికీకి బిగించే ఒక ప్లాస్టిక్ పలక కూడా వచ్చింది. అది పక్కకు జరిపే అద్దాల కిటికీకి సరిపోతుంది. వీళ్లదేమో చెక్క రెక్కలు, ఇనుప ఊచలు ఉన్న కిటికీ. పలక బీరువా వెనక్కి వెళ్లి నిలబడింది.

నాగేశ్ పడకగది తలుపులు మూసి, గొట్టాన్ని మంచం పక్కనే చుట్టిపెట్టి, స్విచ్ వేశాడు. ముందు నుంచి జివ్వుమని చల్లగాలి వచ్చింది. అతను కళ్లు మూసుకుని, స్వరూప బ్యాగు అటక మీదికి వెళ్లిపోతున్నట్టు ఊహించుకున్నాడు. కాసేపటికి వీపు మీద చెమట కారింది. ఆ తర్వాత ముఖం మీద కూడా కారింది. బడి ల్యాబులోంచి తెచ్చిన థర్మామీటర్ తీసి చూస్తే పాదరసం పైకే పోతోంది.

“ముందట చలికాలం, ఎనకాల ఎండకాలం. నడుమల మనం,” అంది స్వరూప. “నువ్వు బళ్లె పిల్లలకు ఏం పాఠం చెప్తవ్?”

“ఉష్ణం.”

“అయ్యో పాపం పిల్లలు.”

మర్నాడు పొద్దున నాగేశ్ సైన్సుతో రాజీపడ్డాడు. గొట్టం మూతిని కిటికీ ఊచలకు ఆనించి, చుట్టూ అట్టముక్కలు కట్టి, సందుల్లో స్వరూప పాత చీర కుక్కాడు. అది పాతది కాదని తర్వాత తెలిసింది. ముందు వేరే సంగతి తెలిసింది.

ఆ కిటికీ అవతల ఒక సన్నని సందు ఉంది. ఎండాకాలమంతా మధ్యాహ్నాలు సుభద్రమ్మ ఆ నీడలోనే స్టూలు వేసుకుని చింతపండులో గింజలు తీస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె మెడ మీదికి భగ్గున సెగ కొట్టింది. ఎండ జరిగిందేమో అనుకుని స్టూలు జరుపుకుంది. సెగ అక్కడికీ వచ్చింది. తలెత్తి చూస్తే ఊచల మధ్య గొట్టం నోరు తెరిచి ఆమెకేసే ఊదుతోంది.

“ఓ సారూ! ఇల్లు కిరాయికిచ్చిన గాని, ఇటుక బట్టీ పెట్టుకోమన్ననా? గీడ చింతపండు దానంతట అదే పులుసయితుంది!”

“జర సైడుకు కూసో పెద్దమ్మా!”

“నా సందుల నేను సైడుకు కూసోవాల్నా? తియ్ ముందు!”

తీశాడు. చీర సంగతి అప్పుడే బయటపడింది. ఆ గంట గురించి ఇక్కడ రాయకపోవడమే మంచిది.

సాయంత్రం ఇంకో ఆలోచన తట్టింది. వేడి బయటికి పోవాలి అంటే గదిలోంచి బయటికి అనే కదా అర్థం, ఇంట్లోంచి అని ఎవరన్నారు? గొట్టాన్ని తలుపు సందులోంచి వంటింట్లోకి తోశాడు. ఎటూ వంటిల్లు వేడిగానే ఉంటుంది, ఇంకొంచెం వేడెక్కితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు.

స్వరూపకు తెలిసింది. పీట మీద జొన్నరొట్టె తడుతూ గట్టిగా కేకేసింది.

“ఇంకా పొయ్యి ముట్టియ్యలే, రొట్టె కాలుతుంది! ఏం చేస్తున్నవ్?”

“గ్యాస్ ఆదా అయితది గద.”

అలా అనకుండా ఉండాల్సింది. మరుక్షణం గొట్టం వచ్చిన దారినే గదిలోకి వచ్చింది, దాని వెనకే తలుపు ధడాలున మూసుకుంది. “నీ వేడి నీ దగ్గరనే పెట్టుకో,” అన్న మాట తలుపు అవతల నుంచి వినిపించింది.

ఇక మిగిలింది బాత్రూం. పైన చిన్న వెంటిలేటర్ ఉంది, వేడి గాలి తేలిక కాబట్టి పైకి లేచి దాంట్లోంచి పోతుంది. పాఠంలో అలాగే ఉంది. కానీ గాలికి పాఠం తెలియదు. అది బాత్రూంలోనే కాపురం పెట్టింది. సబ్బు కరిగి షాంపూ అయింది. స్నానానికి వెళ్లిన స్వరూప, వెళ్లినప్పటి కంటే ఎక్కువ చెమటతో బయటికొచ్చింది.

“తానం చేసి వస్తున్ననా, తానానికి పోతున్ననా నాకే తెలుస్తలేదు. ఇగ అయిపోయింది. రేపు పొద్దుగాల బస్సుకు పోత.”

బ్యాగు మంచం మీదికి వచ్చింది. దాంట్లోకి ఒక్కో చీరా వెళుతుంటే నాగేశ్ లెక్కపెట్టాడు. ఒకపక్క మాడిన పప్పు, మరోపక్క మామగారి బోరు కథ, రెండూ కళ్లముందు కదిలాయి. ఈ గొట్టాన్ని కనిపెట్టినవాడు దొరికితే బాగుండునని పళ్లు కొరుక్కున్నాడు. చివరికి సిగ్గు విడిచి సుభద్రమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

“పెద్దమ్మా, జర గా కిటికీల గొట్టం పెట్టుకోనియ్యి. నీ కాళ్లు మొక్కుత.”

“నా కాళ్లు ఎందుకు? మరి నేనేడ కూసోవాలె మధ్యాహ్నం?”

నాగేశ్ తల గోక్కుంటూ వెనక్కి తిరిగాడు. ఎప్పుడు వచ్చిందో, వెనక స్వరూప నిలబడి ఉంది.

“సందుల ఎందుకు పెద్దమ్మా? మా రూంలకే వచ్చి కూసో. సల్లగుంటది.”

సుభద్రమ్మ ఆలోచించింది. ఆ ఆలోచన రెప్ప వాల్చినంత సేపు కూడా సాగలేదు.

“మరి గా అట్టముక్కలేంది, పిచ్చుక గూడు లెక్క? నా దగ్గర ప్లైవుడ్ చెక్క ఉంది. గొట్టం పట్టేటంత కోసి, ఊచలకు గట్టిగ కట్టు. లేకుంటే సల్లదనమంత బయటికి పోతది.”

గోడకు మేకు ఒప్పుకోని మనిషి దగ్గరుండి చెక్క కోయించింది. గొట్టం సందులోకి నోరు పెట్టింది, గది కాశ్మీరం అయింది. స్వరూప బ్యాగు మంచం మీదినుంచి దిగింది. నాగేశ్ ఆ రాత్రి గెలిచిన మనిషిలా నిద్రపోయాడు.

గెలుపు మర్నాటి మధ్యాహ్నం దాకా నిలిచింది. భోజనం కాగానే సుభద్రమ్మ చింతపండు చేటతో వచ్చి మంచం మీద కూర్చుంది. వెనకే ఎదురింటి సరోజ స్టీలు డబ్బా నిండా మురుకులు పట్టుకుని వచ్చింది. నాగేశ్ చాప చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చి ఫ్యాన్ కింద పడుకున్నాడు. దాహమేసో, మరిచిపోయిన ఫోన్ కోసమో, చార్జర్ కోసమో ఎప్పుడు ఆ తలుపు కొంచెం తీసినా లోపల్నుంచి అందరూ ఒక్క గొంతుతో అరిచేవారు.

“తలుపు మూయ్! సల్లదనం పోతుంది!”

ఆ ఇంటికి కిరాయి కట్టేది అతనే. ఆ మాట గట్టిగా అందామనుకున్నాడు, కానీ లోపల ఓనరు కూడా ఉంది.

అయినా ఒకందుకు సంతోషమే. స్వరూప పుట్టింటి మాట ఎత్తడం లేదు. అలా తనకు తాను చెప్పుకుంటుండగానే ఆటో ఆగింది. రెండు సంచులతో అత్తగారు జములమ్మ దిగింది.

“మంచిగున్నవా అల్లుడా? బిడ్డ ఫోన్ చేసింది, ఇంట్ల మస్తు సల్లగుందంటగా. అమ్రాబాద్ల ఇప్పుడు మునుపటి లెక్క సల్లగ లేదు. నెల దినాలుండి పోత.”

నాగేశ్ సంచులు అందుకుని, వంగి ఆమె కాళ్లకు మొక్కి అడిగాడు.

“మరి మామ?”

“ఒక్కడే ఉన్నడు. పాలు పొంగుతున్నయని తెలుస్తది గాని, స్టవ్ ఎట్ల బంద్ చేయాల్నో తెల్వదు మనిషికి.”

స్వరూప గడప దగ్గర నిలబడి అతనివైపు చూసింది. ఆ చూపు అతనికి తెలుసు.

“నీకు సెలవులే గద. నువ్వన్న పోయి నాయినకు ఇంత వండిపెట్టరాదు?”

“నాకు వంట రాదు!”

“ఆడ అడగనీకి ఎవరున్నరు? నాయిన ఏం పెట్టినా తింటడు. మాట్లాడుకుంట తింటడు, ఏం తిన్నడో కూడ తెల్వదు.”

సర్దిన బ్యాగులోంచి ఆమె చీరలు బయటికి వచ్చాయి, అతని లుంగీలు లోపలికి వెళ్లాయి.

ఇప్పుడు నాగేశ్ అమ్రాబాద్‌లో ఉన్నాడు. పొద్దున్నే లేపబడి, బోరు కథలో రాయి తగిలిన చోటు దాకా విని, స్టవ్ మీద పప్పు పెట్టాడు. కురుమయ్య వంటింటి గడప మీదే పీట వేసుకుని, ప్రపంచంలో తనంత సుఖపడేవాడు లేనట్టు కూర్చున్నాడు.

“నువ్వు మంచోనివి అల్లుడా. మా బిడ్డ అన్నట్టే చేసినవ్.”

నాగేశ్ గరిటె ఆగింది. “ఏమన్నది?”

“ఉగాదికి వచ్చినప్పుడు తల్లీబిడ్డలు మాట్లాడుకుంటుంటే విన్న. ‘ఏసీ కొనమంటే మా సారు కొనడు. పుట్టింటికి పోతనంటే ఉరుక్కుంట పోయి తెస్తడు. తెచ్చినంక నువ్వు గిక్కడికి రా’ అన్నది. మరి నా సంగతేందని నేను అడిగిన. ‘నీ దగ్గరికి ఆయనను తోలిస్త నాయినా, ఎంతసేపన్న మాట్లాడుకో’ అన్నది. మస్తు తెలివి మా బిడ్డది!”

ఆ ఇంట్లో సిగ్నల్ రావాలంటే మిద్దె ఎక్కాలి. నాగేశ్ నిచ్చెనను రెండు మెట్లకొక అంగ చొప్పున ఎక్కి ఫోన్ చేశాడు. అవతల ఏసీ గుర్రుమంటోంది, ఎవరో నవ్వుతున్నారు.

“స్వరూపా! నాకు నిజం చెప్పు. ఉగాది నాడే అంత అనుకున్నవా?”

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

“అంత అనుకున్న గాని,” అంది మెల్లగా, “నువ్వు గా గొట్టంతోని గంత సతాయిస్తవని మాత్రం అనుకోలే. లేకుంటే ఏసీ తెచ్చిన మర్నాడే అమ్మ వస్తుండె.”

నాగేశ్ ఏదో అనబోయాడు. కింది నుంచి మాడు వాసన వచ్చింది.