ఆట మినహా అన్ని కొలతలూ

ఒకే గోదావరి నీళ్లు తాగి పెరిగిన ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చడం మానవజాతి ఇంతవరకు తలపెట్టిన పనులన్నింటిలోకీ కష్టమైనదని ఉమ్మడి గోదావరి క్రీడాప్రతిభా తులనాత్మక మండలి రాజమండ్రిలో జరిగిన తన మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తీర్మానించింది. (రెండో సమావేశంలో ఆ తీర్మానంలోని అచ్చుతప్పులు దిద్దారు.)

ఈ మండలి పుట్టడానికి కారణం ఏటికి చెరో పక్కనా ఉన్న రెండు ఫుట్‌బాల్ లీగ్‌లు. కాకినాడ కేంద్రంగా తూర్పు తీర మహిళా లీగ్, తణుకు కేంద్రంగా పశ్చిమ డెల్టా మహిళా లీగ్. రెండూ ప్రొఫెషనల్ లీగ్‌లే. జెర్సీ వెనక అమ్మాయి పేరు, ముందు ఏదో ఒక కంపెనీ పేరు ఉంటే ప్రొఫెషనల్ కిందే లెక్కని నియమావళిలో స్పష్టంగా ఉంది. మా పిల్లలు గట్టివాళ్లంటే మా పిల్లలు గట్టివాళ్లని రెండు లీగ్‌లూ ఆరేళ్లుగా పేపర్లలో వాదించుకుంటున్నాయి తప్ప, ఒకదాంతో ఒకటి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడితే వాదన తేలిపోతుందని రెండు పక్కలా బెంగే.

ఈ ఏడు చిక్కొచ్చిపడింది. రాష్ట్ర శిక్షణ శిబిరంలో ఉమ్మడి గోదావరి జిల్లాలన్నింటికీ కలిపి ఒకే ఒక్క సీటిచ్చారు. అక్కడ నెగ్గుకొచ్చిన వాళ్లకి జాతీయ జట్టు దాకా దారి ఉంది. తూర్పు లీగ్ సత్యకుమారి పేరు పంపింది. ఉప్పాడ తీరం అమ్మాయి, వాళ్లమ్మ సూరమ్మ చేపలమ్ముతుంది. పోయిన సీజన్లో పంతొమ్మిది గోల్స్ కొట్టింది. పశ్చిమ లీగ్ రూబీ పేరు పంపింది. తణుకు పక్క పల్లెలో చెరకు కోతకెళ్లే వాళ్ల పిల్ల, గోల్‌కీపరు. పదకొండు మ్యాచుల్లో నాలుగంటే నాలుగే గోల్స్ వదిలింది.

వీళ్లిద్దరినీ తూచే బాధ్యత విజయ్ పాల్ మాస్టారి మీద పడింది. ఆయన రాజమండ్రిలో ఒక మిషన్ హైస్కూల్లో పీఈటీ, కాపురం కొవ్వూరులో. రోజూ రెండుసార్లు వంతెన దాటే మనిషికి ఏ ఒడ్డు మీదా మమకారం ఉండదని మండలి భావించి ఆయన్ని తులనాధికారిగా వేసింది. ఇరవయ్యారేళ్లుగా ఈల ఊదుతున్న మాస్టారికి ఈ పని చిటికెలో అయిపోయేదిలా కనిపించింది.

"ఒకమ్మాయి గోల్ కొడుతుందండి, ఒకమ్మాయి ఆపుతుందండి. చెరో పక్కనా నిలబెట్టి మధ్యలో బంతి పెడితే పావుగంటలో తెలిసిపోదాండి?" అన్నాడు, మండలి కార్యదర్శి శ్యాంబాబు గారితో.

శ్యాంబాబు గారు ఏదో యూనివర్సిటీలో రిజిస్ట్రారుగా రిటైరైన పెద్దమనిషి. పీఈటీలంటే ఆయనకు జాలి.

"విజయ్ పాల్ గారూ, ఆడిస్తే ఎవరో ఒకరు ఓడిపోతారండి. ఓడిన పిల్లని ఓడింది కాబట్టి తక్కువనేస్తాం. అంతకన్నా పక్షపాతం ఉంటుందాండి?" అంటూ నియమావళిలో ఏడో నిబంధన చూపించారు. తులన కొలతలతోనే జరగాలి, అది పూర్తయ్యేదాకా అభ్యర్థులు పరస్పరం ఆడరాదు. (విడివిడిగా ఆడుకోవచ్చు. కానీ దాన్ని తులనాధికారి చూడరాదు.)

ఇంటికెళ్లి చెబితే భార్య తబిత నవ్వలేదు. "మరి నువ్వెందుకు మధ్యలో? టేపు చాలు కదా," అని ఊరుకుంది.

మాస్టారు టేపు పట్టుకుని బయల్దేరాడు. మండలి 'తులన' అని ఒక యాప్ తయారు చేయించింది. అందులో నూట పన్నెండు గడులు. పరుగు, ఎగురు, గుండె వేగం, పిక్క చుట్టుకొలత. ఎనభయ్యో గడి దగ్గర 'బంతిని చూడగానే కలిగే భావం' అని ఉండి, కింద మూడు జవాబులుంటాయి: ఆనందం, బాధ్యత, వర్తించదు.

"ఆకలి అని లేదాండి?" అని అడిగింది సత్యకుమారి.

లేదు. బాధ్యత నొక్కారు.

సత్యకుమారి యాభై రెండు సెంటీమీటర్లు ఎగిరింది. రూబీ యాభై నాలుగు ఎగిరింది. ఆ సాయంత్రమే తూర్పు లీగ్ అభ్యంతరం పెట్టింది. మా పిల్ల చిన్నప్పట్నుంచీ ఇసుకలో పరిగెత్తింది, ఇసుక కాళ్లని లాగేస్తుంది, కాబట్టి మూడు సెంటీమీటర్ల ఇసుక రాయితీ ఇవ్వాలంది. మండలి ఇచ్చింది. పశ్చిమ లీగ్ ఊరుకుంటుందా, మా పిల్ల వరిచేలో బురదలో పెరిగిందని బురద రాయితీ కోరింది. ఇసుక లాగుతుందా బురద లాగుతుందా అన్నది తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండింటిలోనూ స్వయంగా నడిచి చూసి, ఒక సభ్యుడి చెప్పు పోగొట్టుకుని, రెండూ లాగుతాయని నివేదిక ఇచ్చింది. తర్వాత సముద్రపు గాలి తగ్గింపు వచ్చింది. దానికి జవాబుగా కాలవగట్టు నీడ తగ్గింపు వచ్చింది.

మూడో విడత కొలతలకి ఉప్పాడ వెళ్లినప్పుడు సూరమ్మ తట్ట దించి ఆయన ఎదురుగా నిలబడింది.

"బాబూ, మూడుసార్లొచ్చారు. మా పిల్ల ఆట ఎప్పుడు చూత్తారు?"

"ఆట ఇందులో లేదమ్మా."

"మరేం చూత్తన్నారు బాబూ?"

మాస్టారు కాసేపు టేపు చుట్టుకున్నాడు. చేప కొనేటప్పుడు ఎవరైనా మొప్ప ఎత్తి చూస్తారు, పొడవు కొలిచి ఇంటికి తీసుకుపోరు. ఆ మాట ఆవిడ అనలేదు గానీ ఆయనకే తట్టి సిగ్గేసింది.

చివరి పరీక్ష నలభై మీటర్ల పరుగు. ఇద్దరూ పక్కపక్కనే పరిగెత్తాలి. (ఒకరినొకరు చూసుకోకూడదు.) తటస్థ నేల కావాలి. కాకినాడకీ తణుకుకీ ఇంచుమించు సమదూరమని కడియంలో బుల్లియ్య గారి నర్సరీ ఎంచారు. అక్కడ అమ్మకానికి పెంచిన పచ్చిక తివాచీ పరిచినట్టుంటుంది. పదింటికి పరీక్షన్నారు. పదింటికల్లా అమ్మాయిలిద్దరూ వచ్చి గీత దగ్గర నిలబడ్డారు. యాప్ తెరిస్తే 'మీ ప్రతిభ పరిశీలనలో ఉంది, దయచేసి వేచి ఉండండి' అని వచ్చి, గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. శ్యాంబాబు గారు సిగ్నల్ కోసం గేటు దాకా వెళ్లి విజయవాడలో యాప్ చేసినవాళ్లకి ఫోన్లు చేస్తూ ఉండిపోయారు.

పన్నెండింటికి నాగపూర్ లారీ వచ్చింది. కూలీలు దిగి పచ్చికని పలకలుగా కోసి, చుట్టలు చుట్టి, లారీ ఎక్కించసాగారు.

"బుల్లియ్య గారూ, అది మా ట్రాకండీ!" అన్నాడు మాస్టారు.

"ఆయ్, తెలుసండి. కానీ అది వాళ్లు ముందే చెప్పుకున్న గడ్డండి. మీరు పదింటికన్నారు, లారీ పన్నెండింటికంది. ఇప్పుడు పన్నెండయ్యిందండి. ఓ పని చెయ్యండి, వీళ్లు ఆ చివర్నించి కోసుకొస్తారు, ఈలోపు పరిగెత్తించెయ్యండి."

యాప్ తిరుగుతూనే ఉంది. నలభై మీటర్ల ట్రాకు ముప్పై అయింది, ఇరవై రెండయింది. నిలబడీ నిలబడీ విసుగొచ్చిన సత్యకుమారి తన సంచిలోంచి బంతి తీసి కాలితో ఆడించడం మొదలెట్టింది. రూబీ అటే చూసింది. ఇద్దరూ ముందుగా ఏమీ అనుకోలేదు. రూబీ వెళ్లి రెండు పోకచెట్టు కుండీల మధ్య నిలబడింది, అంతే.

మొదటి మూడూ రూబీ ఆపేసింది. మూడోదైతే గాల్లో ఒంటిచేత్తో. లారీ దగ్గర చుట్టలు మోస్తున్న వాళ్లు ఆగిపోయారు. నాలుగోసారి సత్యకుమారి కొట్టబోతున్నట్టు ఊగి, అర క్షణం ఆగి, ఎడమ మూలకి నెట్టింది. గోల్. ఐదోదీ అలాగే.

"కుడికాలు ముందే వంచేస్తున్నావు," అంది సత్యకుమారి బంతి తెచ్చుకుంటూ.

"చెప్పేశావేంటి? ఇంక నీకు రాదు గోలు."

"రాకపోతే ఇంకో దారి వెతుక్కుంటాను."

ఇంక రాలేదు, రెండుసార్లు. రూబీ మోకాళ్లు బిగబట్టి కదలకుండా నిలబడింది. అప్పుడు సత్యకుమారి నిజంగానే ఇంకో దారి వెతుక్కుంది. వెనక్కి తిరిగి మడమతో తాకించింది. బంతి కుండీని రాసుకుంటూ దూరిపోయింది. మాస్టారి నోట్లో ఈల ఎప్పుడు చేరిందో ఆయనకే తెలీదు. నర్సరీ అంతా మోగేలా ఊదాడు. రూబీ మట్టిలో పడుకునే పకపకా నవ్వింది. బుల్లియ్య గారు చప్పట్లు కొట్టి, డ్రైవరుని కూడా కొట్టమన్నారు.

గేటు దగ్గర్నించి శ్యాంబాబు గారు వచ్చేసరికి పచ్చిక లేదు, ఆట అయిపోయింది. అమ్మాయిలు చెంబుతో నీళ్లు తాగుతున్నారు.

రూబీ ఆయన్ని దాటుకుని నేరుగా మాస్టారి దగ్గరికొచ్చింది. "మీరు చూశారు కదండీ. చెప్పండి, ఎవరండి?"

ఈ ప్రశ్న అడగకూడదని నియమావళిలో ఉంది. అడిగితే చెప్పకూడదనీ ఉంది.

"మంచి కీపరువమ్మా నువ్వు. కానీ ఈ ఏడు సత్యకుమారి. పావుగంటలో రెండుసార్లు తన ఆట మార్చుకుంది. నువ్వొకసారి మార్చుకున్నావు."

రూబీ కాసేపు మోచేతికంటిన మట్టి గోక్కుంది. కళ్లు తడయ్యాయి, దాచుకోలేదు. "సరేనండి," అంది చివరికి. "చూసి చెప్పారు." తర్వాత సత్యకుమారి వైపు తిరిగి, "ఆ మడమ దెబ్బ శిబిరంలో మొదటిరోజే చూపించెయ్యకు. దాచుకో," అంది.

ఆ రాత్రే మాస్టారు నివేదిక రాశాడు. ఒకటిన్నర పేజీ, ఏ బంతి ఎటు వెళ్లిందో సహా. ఇరవయ్యారేళ్లలో ఆయన ఇంత సంతోషంగా ఏదీ రాయలేదు. తబిత చదివి, "ఇది నువ్వే రాశావా?" అంది.

మండలి ఆ నివేదికని ఎంతో గౌరవంగా స్వీకరించింది. అయితే 'ఆట' అనే గడి యాప్‌లో లేనందున దానిని ఎక్కించే వీలు లేకపోయింది. పచ్చిక లారీ ఎక్కినందున పరుగుకు ఇద్దరికీ సరాసరి మార్కులు వేశారు. రాయితీలూ తగ్గింపులూ పోను యాప్ తేల్చిన ఫలితం: సత్యకుమారి డెబ్భై ఒకటి పాయింట్ నాలుగు సున్నా ఆరు. రూబీ డెబ్భై ఒకటి పాయింట్ నాలుగు సున్నా ఆరు.

ఒకరికిస్తే ఇంకొకరికి అన్యాయం. ఏ ఒక్కరికీ అన్యాయం జరగరాదన్న ఉన్నతాశయంతో మండలి ఆ సీటును ఖాళీగానే శిబిరానికి పంపింది.

కాకినాడలో టపాసులు కాల్చారు, సీటు తణుకు వాళ్లకి రాలేదని. తణుకులో ఊరేగింపు తీశారు, కాకినాడ వాళ్లకి రాలేదని. మాస్టారికి మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చింది. 'ఫుట్‌బాల్ ప్రతిభ తులనలో ఫుట్‌బాల్‌ను ప్రవేశపెట్టినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను.' ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు: 'అయ్యా, ఆట చాలా బాగుంది.' అది జవాబు కాదని ఫైలు మూసేశారు.

సూరమ్మకి ఈ సంగతి చెప్పడానికి ఉప్పాడ వెళ్లిన మాస్టారు, చెప్పలేక, చెప్పి, తల దించుకున్నాడు. ఆవిడ ఒక చందువా చేప ఆకులో చుట్టి ఆయన చేతిలో పెట్టి, "మీరు చూశారంట కదా బాబూ, పిల్ల చెప్పింది," అంది.

శిబిరం నలభై రోజులు నడిచి ముగిసింది. దాని డైరెక్టరు గారు మండలికి ప్రశంసాపత్రం పంపారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన సీటు ఆసాంతం క్రమశిక్షణతో మెలిగిందని, ఒక్క గాయం గాని ఒక్క ఫిర్యాదు గాని లేదని, వచ్చే ఏడు కూడా దయచేసి ఇటువంటి దానినే పంపవలసిందని అందులో కోరారు.