చిరుతగారి మార్గం

ఒక పెద్ద అడవిలో, సింహం సభకు ఎవరి గోడూ వినిపించనంత దూరాన, ముళ్లకోన అని చిన్న పల్లె ఉండేది. దానికో పంచాయతీ. ఆ పంచాయతీకి కొత్తగా సర్పంచ్ అయింది కుందేలు చెంగమ్మ.

గెలిచిన మర్నాడే ఆమె కార్యదర్శి కొంగను పిలిపించింది. కొంగ ఒంటికాలి మీదే ఉద్యోగం చేసేది. రెండో కాలు మోపితే ఏ బాధ్యత మీద పడుతుందోనని దాని భయం.

"కార్యదర్శిగారూ, వాగుదారి నిండా ముళ్లకంప అల్లుకుపోయింది. నీళ్లకని అందరూ చిరుత గుహ ముందు నుంచి చుట్టు తిరిగి పోతున్నారు. పోయినవాళ్లలో కొందరు తిరిగి రావడం లేదు. ఆ కంప తీయించేద్దాం."

"కంప మన పరిధి కాదమ్మా. మొక్కగా ఉన్నన్నాళ్లే మనది. ముల్లు మొలిచాక పై సభది, అంటే సింహంగారిది."

"మరి చిరుత?"

"పుట్టినప్పటి నుంచీ పై సభదే."

"ఇక మనకున్న అధికారాలేమిటండీ?"

కొంగ మెడ సాచింది. "తీర్మానాలు చేయొచ్చు. సంతాపం తెలపొచ్చు. దారులకు పేర్లు పెట్టొచ్చు."

చెంగమ్మ గడ్డిపరక నములుతూ చాలాసేపు ఆలోచించింది. ఉన్నట్టుండి చెవులు నిక్కపొడుచుకున్నాయి. గుహ ముందు దారికి చిరుత పేరే పెడితే? తన పేరున్న చోట నెత్తురు చిందించడానికి ఎంతటివాడికైనా మనసొప్పుతుందా!

సభ్యులంతా చప్పట్లు కొట్టారు. అడవిపంది పోతన్న మాత్రం గొణిగాడు. "పేరు పెడితే వాడి ఆకలి తీరుతుందా అక్కా?"

"నీకు పాలన తెలియదు తమ్ముడూ, ఊరుకో."

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అడ్డంగా కట్టిన పూలతీగను చిరుత తన కోరపంటితోనే తెంపింది. కళ్లు తుడుచుకుని, "నన్నింతగా గుర్తించినవాళ్లు ఈ అడవిలో లేరు" అంది. ఆ రోజు ఎవరినీ తినలేదు. ఇంత తేలికైన పని పాత సర్పంచ్‌కి ఎందుకు తట్టలేదా అని చెంగమ్మ మురిసిపోయింది.

మర్నాడు పొద్దున చిరుత దారికి అడ్డంగా పడుకుంది.

"ఎక్కడికి?"

"నీళ్లకండీ, దొరా" అంది ముందొచ్చిన దుప్పి.

"ఈ దారి ఎవరిది?"

"తమరిదేనండీ."

"మరి నా దారిలో నా అనుమతి లేకుండా ఎలా నడుస్తావు? లోపలికి రా, మాట్లాడదాం."

అదివరకు చిరుత పొదల్లో నక్కి, పరుగెత్తి, ఆయాసపడి వేటాడేది. ఇప్పుడు వేటే వరసలో నిలబడుతోంది. అనుమతి దొరికినవాళ్లు గుహలోకి వెళ్లారు. దొరకనివాళ్లు ఎండిన నాలుకతో ఇళ్లకు చేరారు. అదృష్టవంతులు వాళ్లే.

ఒకరోజు చెంగమ్మ చెల్లెలికీ అనుమతి దొరికింది.

చెంగమ్మ ఏడుస్తూ కొంగ దగ్గరికి పరుగెత్తింది. "ఆ పేరు తీసేయండి! ఇప్పుడే తీసేయండి!"

"పెట్టే అధికారమే మనదమ్మా. తీసేది పై సభ" అంది కొంగ. రెక్క సర్దుకుని, మెల్లగా అంది: "కావాలంటే సంతాపం తెలపొచ్చు."

చెంగమ్మ ఏడుపు ఆగిపోయింది. తిన్నగా పోతన్న ఇంటికి వెళ్లింది. "తమ్ముడూ, లే. కంప పీకుదాం."

"ఏ అధికారంతో అక్కా?"

"దాహంతో."

పోతన్న కోరలతో మొదళ్లు పెకిలించాడు. కుందేళ్లు వేళ్లు కొరికాయి. దుప్పులు కొమ్మలు ఈడ్చిపారేశాయి. అందరి ఒళ్లూ గీరుకుపోయాయి. మధ్యాహ్నానికల్లా పాతదారి బయటపడింది. అందరూ వాగులో మూతులు పెట్టారు. తాగుతూనే ఉన్నారు.

సాయంత్రానికి పై సభ నుంచి కాకి వచ్చి వాలింది. "అనుమతి లేకుండా ముళ్లకంప తొలగించినదెవరు? మీ పంచాయతీయేనా?"

చెంగమ్మ ముళ్లు దిగిన కాళ్లను పొట్ట కింద దాచుకుంది. "మేమా? మాకా అధికారం ఎక్కడిదండీ!"

"గుర్తు తెలియని దుండగుల పని" అంది కొంగ. "ఖండిస్తూ తీర్మానం కూడా చేశాం."

ఇంత బుద్ధిగల పంచాయతీని ఎక్కడా చూడలేదని మెచ్చుకుని కాకి ఎగిరిపోయింది.

నీతి: అధికారం లేకపోవడమంత గొప్ప అధికారం ఇంకొకటి లేదు, కాకపోతే దాన్ని సభలో కాదు, ముళ్లకంప దగ్గర వాడాలి.